రెండు మిల్లీవోల్టులు

మాది పల్లెటూరు. ఇరవై ఏళ్ళుగా వ్యవసాయ మోటార్లకు వైండింగ్ చేస్తూ కుటుంబాన్ని పోషించుకుంటున్నాను. కరెంటు గురించి నాకు తెలియనిది లేదన్న గర్వం కొంచెం ఉండేది. ఆ గర్వం ఒక చిన్న కొవ్వొత్తి దగ్గర ఎలా కరిగిపోయిందో మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా పెద్దమ్మాయి తొమ్మిదవ తరగతిలో ఉండగా స్కూల్లో వైజ్ఞానిక ప్రదర్శన పెట్టారు. ఒక సాయంత్రం షాపుకు వచ్చి, "నాన్నా, కొవ్వొత్తి మంటతో కరెంటు పుట్టించవచ్చా?" అని అడిగింది. నేను నవ్వాను. "కాయిలుండాలి, అయస్కాంతం తిరగాలి. మంట పెడితే కరెంటు వస్తుందటమ్మా?" అన్నాను. అప్పుడు తను సైన్సు మాష్టారు చెప్పిన సంగతి చెప్పింది. 1821లో బెర్లిన్‌లో సీబెక్ అనే శాస్త్రజ్ఞుడు రెండు వేర్వేరు లోహాలను రెండు చివరలా కలిపి, ఒక చివర మాత్రం వేడి చేస్తే, దగ్గరున్న దిక్సూచి ముల్లు కదలడం చూశాడట. నాకు నమ్మకం కుదరలేదు. అయినా పిల్ల ముచ్చట కాదనలేక సరే అన్నాను.

రాగి తీగకు మా షాపులో కొదవ లేదు. దాని మీద ఎనామెల్ గీకేశాను. ఇనుముకు బైండింగ్ వైరు తెచ్చాం. ఇనుప తీగ రెండు కొసలకూ రాగి తీగలు మెలిపెట్టి, ఒక ముడిని చన్నీళ్ళ గ్లాసులో ఉంచి, రెండో ముడి దగ్గరకు క్రిస్మస్‌కు మిగిలిన కొవ్వొత్తి తెచ్చాం. రాగి తీగల కొసలు మల్టీమీటరుకు పెట్టాం. అంకెలు కదిలాయి! మెల్లగా ఎక్కి, దాదాపు రెండు మిల్లీవోల్టుల దాకా వచ్చాయి. ముడిని మంటలోకి ఇంకా జరిపితే, పెరగవలసింది పోయి తగ్గసాగాయి. నేను మీటరు పాడైందన్నాను. మా అమ్మాయి మాత్రం అంకెలు వరసగా రాసుకొని మాష్టారిని అడిగి వచ్చింది. రాగి, ఇనుము జతకు సుమారు 270 డిగ్రీల దగ్గర వోల్టేజి గరిష్ఠమనీ, అది దాటితే తగ్గుతుందనీ ఆయన చెప్పారట. మీటరు మంచిదే, తెలియనివాణ్ణి నేనే.

అయితే రెండు మిల్లీవోల్టులు ఎవరు చూస్తారు? ఎర్ర ఎల్.ఇ.డి. వెలగడానికే సుమారు 1.8 వోల్టులు కావాలి. అంటే ఇలాంటి జతలు తొమ్మిది వందలు! అందుచేత తెలిసిన మెకానిక్ దగ్గర పాత వాటర్ కూలరులోని పెల్టియర్ ప్లేటు తెచ్చాను. నాలుగు సెంటీమీటర్ల చదరపు బిళ్ళ అది. లోపల అర్ధవాహకాల జతలు 127 ఉంటాయి. కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడుతుంది. కరెంటు ఇవ్వకుండా ఒక వైపు వేడి, రెండో వైపు చల్లదనం ఉంచితే అదే కరెంటు ఇస్తుంది. నేను తొందరపడి మంటను తిన్నగా దాని కిందే పెట్టాను. అలాంటి చాలా ప్లేట్ల లోపలి టంకం 138 డిగ్రీలకే కరుగుతుంది. రోజూ టంకం పెట్టే నాకు ఆ మాట తోచలేదు. మీటరు సున్నా చూపించింది. తెల్లవారితే ప్రదర్శన.

ఆ రాత్రి నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. రెండు పెన్సిల్ సెల్స్ తీసి, "అట్టపెట్టె అడుగున ఇవి పెట్టేద్దాం. బల్బు వెలుగుతుంది, ఎవరికీ తెలియదు" అన్నాను. మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మరి కొవ్వొత్తి ఎందుకు నాన్నా?" అంది. కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో ఏనాడూ అబద్ధమాడవద్దని పిల్లలకు చెప్పే నోరు నాది.

మర్నాడు తను ఆ తీగలే తీసుకువెళ్ళింది. చుట్టూ అందరి బల్బులూ వెలుగుతున్నాయి, ఫ్యానులు తిరుగుతున్నాయి. మా బల్ల దగ్గర ఎవరూ ఆగలేదు. చివరికి వేరే స్కూలు నుండి వచ్చిన ఒక పెద్ద మాష్టారు ఆగి, "బల్బు ఏదమ్మా?" అన్నారు. "వెలగలేదండీ. వెలగాలంటే ఇలాంటివి తొమ్మిది వందలు కావాలి" అని తను గీసిన గ్రాఫు చూపించింది. ఆయన కుర్చీ లాక్కొని కూర్చున్నారు. 1977లో పంపిన రెండు వోయేజర్ నౌకల్లోనూ ప్లుటోనియం వేడితో ఇదే సూత్రం మీద కరెంటు పుడుతుందనీ, అవి నలభై ఏళ్ళకు పైగా భూమికి కబుర్లు పంపాయనీ చెప్పారు. బహుమతి రాలేదు. కాని ఇంటికి వస్తూ దారి పొడుగునా తను ఆ నౌకల గురించే మాట్లాడింది.

వేసవి సెలవుల్లో ఇంకొక ప్లేటు కొన్నాం. ఈసారి తొందరపడలేదు. కింద అల్యూమినియం రేకు, పైన చన్నీళ్ళ గిన్నె, కొవ్వొత్తి కాస్త దూరంగా. మా ఇంటావిడ లైటు ఆపింది. ఎర్ర ఎల్.ఇ.డి. మినుకుమంటూ వెలిగింది! కొంతసేపటికి గిన్నెలో నీళ్ళు వేడెక్కి, వెలుగు సన్నగిల్లింది. నీళ్ళు మార్చగానే మళ్ళీ వచ్చింది. "వేడి ఒక్కటే చాలదు నాన్నా, రెండు వైపులా తేడా ఉండాలి" అంది మా అమ్మాయి. ఈసారి నేను నవ్వలేదు.

తల్లిదండ్రులారా, మన పిల్లలు తెచ్చే వెలుగు ఒక్కొక్కసారి రెండు మిల్లీవోల్టులే ఉంటుంది. దాన్ని పెద్దది చేసి చూపించాలని మనమే తొందరపడతాం. ఆ రాత్రి తీసిన రెండు సెల్స్ ఇప్పుడు నా టార్చిలైటులో ఉన్నాయి. రాత్రిపూట మోటారు చూడడానికి పొలం వెళ్ళేటప్పుడు దాన్ని నొక్కినప్పుడల్లా మా అమ్మాయి ప్రశ్న జ్ఞాపకం వస్తుంది.