పది గజాల హిసాబ్

ఫజర్ నమాజ్ అయ్యాక మా ఇంట్లోవాళ్లంతా మళ్లీ దుప్పట్లు కప్పుకుంటారు. జూన్ నుంచి నవంబర్ దాకా నేను మాత్రం ఫోన్ పట్టుకుని వంటింట్లో కూచుంటా. ఇక్కడ పొద్దున ఆరున్నర అయిందంటే కెనడాలోని రెజైనాలో ముందురోజు సాయంత్రం ఏడు. సస్కాచువాన్ రఫ్‌రైడర్స్ మ్యాచ్ మొదలయ్యే టైం. చాయ్ పొంగి పొయ్యి మీద పడినా పట్టని ఈ షౌఖ్‌కి మా బేగం 'హరా బుఖార్' అని పేరు పెట్టింది. ఆ టీం రంగు ఆకుపచ్చ మరి.

హైదరాబాద్ జర్నలిస్టువి, నీకూ కెనడా ఫుట్‌బాల్‌కీ ఏం రిష్తా అని దోస్తులు అడుగుతుంటారు. రిష్తా మా ఆపా. ఆపా, దుల్హే భాయ్ ఎప్పుడో రెజైనాకు పోయి అక్కడే ఉండిపోయారు. ఆయనకు గోదాములో పని. తోటి పనివాడొకతను ఒక శనివారం తన దగ్గర మిగిలిన టికెట్ ఇచ్చి మ్యాచ్‌కు తీసుకుపోయాడట. అంతే, ఆశిఖ్ అయిపోయారు. తర్వాత సొంతంగా రెండు సీజన్ టికెట్లు కొన్నారు. 2017లో కొత్త మొజాయిక్ స్టేడియం తెరిచినప్పుడు కూడా ఎండ్ జోన్ వెనక, చౌక సీట్లే ఏరుకున్నారు. 2019లో నేను పోయినప్పుడు ఆపా తన సీటు నాకిచ్చింది. మా చుట్టూ పుచ్చకాయను సగానికి కోసి, గుజ్జు తోడేసి, నెత్తిన టోపీలా పెట్టుకున్న మనుషులు. "ఇదేం ఫుట్‌బాల్ దుల్హే భాయ్, చేత్తో పట్టుకుని ఉరుకుతున్నారు?" అన్నా. "బైఠో మియా, దేఖో తో సహీ" అన్నారాయన.

చూశాను. అమెరికా వాళ్ల ఎన్‌ఎఫ్‌ఎల్‌కు ఇది చుట్టమే కానీ తమ్ముడు కాదు. టీంకి 12 మంది, అక్కడ 11. పది గజాలు ముందుకు పోవడానికి ఇక్కడ మూడే ప్రయత్నాలు, అక్కడ నాలుగు. మైదానం 110 గజాల పొడవు, 65 గజాల వెడల్పు. రెండు చివర్లా ఇరవేసి గజాల ఎండ్ జోన్. దీనిలో 'రూజ్' అని ఒక ముద్దొచ్చే ఖాయిదా ఉంది. గోల్‌కు తన్నిన బంతి తప్పిపోయినా, ఎండ్ జోన్‌లోంచి అవతలి టీం దాన్ని బయటికి తేలేకపోతే తన్నినవాళ్లకు ఒక పాయింటు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగు డిగ్రీకి ఎగబడ్డ నాలాంటివాడికి గ్రేస్ మార్కు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

2022లో దుల్హే భాయ్ పోయారు, గుండె ఆగి. సీట్లు అలాగే ఉన్నాయి. ఆపా, మా భాంజా పోతారు.

ఇక అసలు మాట. 2025 సెప్టెంబర్‌లో ఈ లీగ్, అంటే సీఎఫ్‌ఎల్, కొత్త కమిషనర్ స్టూవర్ట్ జాన్‌స్టన్ మార్పులు ప్రకటించారు. 2026 నుంచి రూజ్‌కి కత్తెర. బంతి ఎండ్ జోన్ దాటి బయటికి ఎగిరిపోతే ఇక పాయింటు లేదు. 2027 నుంచి మైదానం 100 గజాలు, ఎండ్ జోన్ 15 గజాలు. గోల్ లైన్ మీద ఉండే గోల్ పోస్టులు ఎండ్ జోన్ వెనక్కి పోతాయి. సీజన్‌కు ఓ అరవై టచ్‌డౌన్లు పెరుగుతాయని లీగ్ అంచనా. కాగితం మీద కూడిక చేశాను. ఇప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకి 150 గజాలు, రేపు 130. అంటే ఒక్కో చివర పది గజాలు తగ్గుతుంది. ఎండ్ జోన్ వెనక కూచునే మా ఆపాకు ఆట పది గజాలు దూరం జరుగుతుంది. ఈ మాట చెబితే ఆపా కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నా కళ్లద్దాలు కూడా మార్చాలి మరి" అంది.

ఎందుకీ మార్పు అంటే పైసా. దీని మీద నాకూ భాంజాకూ మూడు నెలలుగా జంగ్ నడుస్తోంది. వాడు అక్కౌంటెంట్. "మామూ, జజ్బాత్‌తో జీతాలివ్వలేం" అంటాడు. వాడి హిసాబ్ తేలిగ్గా కొట్టేయలేను. సీఎఫ్‌ఎల్‌లో తొమ్మిది టీంలు. టీఎస్‌ఎన్ చానెల్ ఇచ్చే డబ్బు ఏడాదికి ఐదు కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అక్కడి పేపర్లు చాలాకాలంగా రాస్తున్నాయి. ఆ ఒప్పందం 2026 దాకా. ఎన్‌ఎఫ్‌ఎల్ 2021లో కుదుర్చుకున్న టీవీ ఒప్పందాలు 11 ఏళ్లకు 11 వేల కోట్ల డాలర్లు. ఒక సీఎఫ్‌ఎల్ టీంలో ఆటగాళ్లందరి జీతాలకు కలిపి పరిమితి అరవై లక్షల డాలర్ల చిల్లర. అక్కడ ఒక మంచి క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే దానికి ఎన్నో రెట్లు తీసుకుంటాడు. కాబట్టి ఈ లీగ్ బతికేది టీవీ మీద కాదు, గేటు మీద. టికెట్ కొని, బీరో బజ్జీనో కొని (మా ఆపా అయితే ఇంటి సమోసా చాటుగా తీసుకుపోయి) కూచునే మనిషి మీద.

ఆ గేటు ఎంత నాజూకో 2020లో తెలిసింది. కోవిడ్ వచ్చి జనం ఆగిపోగానే లీగ్ ఫెడరల్ సర్కారు ముందు చేయి చాచింది. మొదట 15 కోట్ల డాలర్ల దాకా అడిగింది, చివరికి వడ్డీ లేని మూడు కోట్ల కర్జా చాలంది. అదీ దొరకలేదు. ఆగస్టులో సీజనే రద్దు. 1919 తర్వాత గ్రే కప్ ఎవరికీ ఇవ్వని ఏడాది అదే. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆఫీసులో సగం జీతం చేతిలో పెట్టారు. వాళ్ల పరేషానీ నాకు దూరంగా అనిపించలేదు.

నిజం చెప్పాలంటే దివాలా ఈ లీగ్‌కు పాత పడోసన్. 1987లో మాంట్రియల్ టీం సీజన్ మొదలయ్యే ముందే మూతపడింది. 1993 నుంచి 95 దాకా అమెరికా ఊళ్లలో టీంలు పెట్టి చూశారు, లాస్ వేగస్, మెంఫిస్, బర్మింగ్‌హామ్ అంటూ. బాల్టిమోర్ టీం గ్రే కప్ కూడా గెలిచింది. మరుసటి ఏడాదికి ఆ టీంలు ఒక్కటీ మిగల్లేదు. 1996లో రాజధాని ఒట్టావా టీం కూడా పోయింది. 1997లో ఎన్‌ఎఫ్‌ఎల్ దగ్గరే ముప్పై లక్షల అమెరికా డాలర్లు బదులు తీసుకుని గట్టెక్కారు. అంటే అమెరికా వాడిలా తయారైతే పైసా వస్తుందనే ఖయాల్‌ను ఒకసారి పరీక్షించడం అయిపోయింది. ఫలితం కూడా వచ్చేసింది.

భాంజా ఒప్పుకోడు. "అప్పుడు ఊళ్లు మార్చారు మామూ, ఇప్పుడు ఆటను చూడటానికి బాగుండేలా చేస్తున్నారు. టొరంటోలో నా వయసు వాళ్లను అడుగు, ఆర్గోనాట్స్ క్వార్టర్‌బ్యాక్ పేరు చెప్పలేరు. ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్ల పేర్లు పది చెబుతారు." ఇదీ అబద్ధం కాదు. టొరంటో ఆర్గోనాట్స్ 2022లో, మళ్లీ 2024లో గ్రే కప్ గెలిచింది. అయినా దేశంలోకెల్లా పెద్ద నగరంలో స్టేడియం నిండదు. గెలిచినా జనం రాకపోతే ఏం చేయాలో ఎవరికి తెలుసు?

కానీ నాకొక గుణపాఠం ఉంది, దాన్ని మరవలేను. నేను మొదట ఉద్యోగంలో చేరింది ఒక చిన్న ఉర్దూ అఖ్బార్‌లో. నుక్సాన్ పెరిగింది. పెద్ద పేపర్లలా కనిపిస్తే ఇష్తిహార్లు వస్తాయని మాలిక్ రంగులు వేయించారు, గజల్ పేజీ తీసేశారు, మొహల్లా ఖబర్లు తీసేసి సినిమా ఫొటోలు వేశారు. పెద్ద పేపర్ చదివేవాడు మా పేపర్ ఎందుకు కొంటాడు? వాడికి అసలుదే ఉంది. గజల్ పేజీ కోసం కొనే ముసలాయన మాత్రం ఒక రోజు ఆఫీసుకొచ్చి, చందా రద్దు చేయమని చాలా తమీజ్‌గా చెప్పి పోయాడు. ఏడాదిన్నరకు తాళం పడింది. 110 గజాలు 100 అయితే టొరంటో కుర్రాడు వస్తాడన్నప్పుడల్లా నాకు ఆ ముసలాయన గొడుగు గుర్తొస్తుంది.

రెజైనా సంగతి వేరు. రఫ్‌రైడర్స్‌కు మాలిక్ లేడు. ఊరే మాలిక్. షేర్లు అమ్మారు, ఒక్కోటి 250 డాలర్లు. వాటి మీద లాభం పంచరు, గోడకు పటం కట్టుకోవడానికే. దుల్హే భాయ్‌ది ఆపా హాల్లో, కాబా ఫొటోకు కాస్త దూరంలో ఉంది. ఏటా జమాఖర్చులు జనం ముందు పెడతారు. జర్నలిస్టుగా నాకు నచ్చే విషయం అదే. ప్రైవేటు యజమానుల టీంలలో ఎవరికెంత నష్టమో ఎవరూ చెప్పరు, అంతా సుని సునాయీ బాత్. 1987లో టీం మునిగిపోతుంటే టీవీలో టెలిథాన్ పెట్టి ఊరూరా జనాన్ని అడిగారు. ప్రావిన్స్ మొత్తం జనాభా ఇప్పటికీ 12 లక్షలే, మన హైదరాబాద్‌లో ఒక మూల. ఆ గోధుమ రైతులే టీంను బతికించుకున్నారు.

ఊరు మాలిక్ అయితే చాలు, అంతా ఖైరియత్ అని కూడా అనలేను. ఎడ్మంటన్ టీం కూడా ఊరిదే. 56 వేలు పట్టే స్టేడియం. 2019 నుంచి 2023 దాకా సొంత మైదానంలో వరసగా 22 మ్యాచ్‌లు ఓడారు. ఖాళీ కుర్చీలు, కరిగిపోయిన నిల్వలు. 2024లో లారీ థాంప్సన్ అనే వ్యాపారికి అమ్మేశారు. మాంట్రియల్‌ది తలకిందుల కిస్సా. కొన్న యజమానుల్లో ఒకరు చనిపోయి, ఇంకొకరు తప్పుకుని, 2023 మొదట్లో టీం లీగ్ చేతుల్లో అనాథలా పడింది. మార్చిలో పియెర్ కార్ల్ పెలాడో కొన్నారు. నవంబర్‌లో గ్రే కప్ గెలిచారు! మంచి మాలిక్ దొరకడం కిస్మత్. కిస్మత్ మీద బడ్జెట్ వేయలేం కదా అంటాను నేను. "టెలిథాన్ మీద వేయొచ్చా?" అంటాడు భాంజా.

మాలిక్ చేతిలో టీం ఉంటే ఏమవుతుందో మనకూ తెలిసొచ్చింది. 2022లో ఐఎస్‌ఎల్ గెలిచిన మన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2025 అక్టోబర్‌లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయి వెళ్లిపోయింది. రహీం సాబ్ తయారుచేసిన సిటీ పోలీస్ టీం 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన ఊరు ఇది. జెండా మోసిన కుర్రాళ్లను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

అందుకే నా వాదన ఒక్కటే. ఈ లీగ్ ఆమ్దనీ ఎక్కడ పెరుగుతుందో చూడాలంటే మైదానం కొలతలు కాదు, గేటు దగ్గర నిలబడి లోపలికి వచ్చేవాళ్ల మొహాలు చూడాలి. కెనడాలో ఇప్పుడు జనం పెరిగేది వలస వచ్చినవాళ్లతో. పంజాబీలు, ఫిలిప్పినోలు, నైజీరియన్లు, మనవాళ్లు. వీళ్లకు తాతల నుంచి వచ్చిన టీం లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ కూడా వీళ్ల సొత్తు కాదు. ఎవరు ముందు పిలిస్తే వాళ్లవైపు పోతారు. వ్యాంకూవర్‌లో పంజాబీ మూలాలున్న అమర్ డోమన్ 2021లో బీసీ లయన్స్‌ను కొని, సీజన్ మొదటి మ్యాచ్‌కు పెద్ద గాయకుల కచేరీలు జోడించారు. 2024లో ఆ రోజు జనం 50 వేలు దాటారు. కచేరీ కోసం వచ్చినవాడు మళ్లీ వస్తాడా అన్నది వేరే సవాల్. కానీ ఆయన పిలిచాడు. మా దుల్హే భాయ్‌ని గోదాములో ఒకతను పిలిచాడు. ఆ ఒక్క టికెట్ మీద లీగ్‌కు ఇన్నేళ్లలో ఎంత వచ్చిందో అక్కౌంటెంట్ భాంజాను లెక్కేయమన్నా. లెక్కేశాడు. మొత్తం చెప్పలేదు, "బహుత్ హోతా మామూ" అన్నాడంతే.

నవంబర్‌లో విన్నిపెగ్‌లో గ్రే కప్ ఫైనల్. ఇక్కడ ఇంకా తెల్లవారలేదు. మాంట్రియల్ మీద రఫ్‌రైడర్స్ 25-17. చివర్లో మాంట్రియల్ గోల్ లైన్ దగ్గరిదాకా వచ్చి బంతి జారవిడిచింది, మావాళ్లు దాని మీద పడ్డారు. నేను కూడా పడ్డాను, వంటింటి స్టూలు మీంచి. 2013 తర్వాత ఇదే మొదటిది, మొత్తం చరిత్రలో ఐదోది. ఆపా వీడియో కాల్‌లో ఆకుపచ్చ హిజాబ్‌తో ఏడుస్తోంది. మ్యాచ్ గురించి కాదని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. ఇద్దరం మ్యాచ్ గురించే మాట్లాడాం.

తర్వాత సీజన్ టికెట్ల రెన్యువల్ వచ్చింది. భాంజాకు కాల్గరీలో కొత్త ఉద్యోగం, ఇక ప్రతి మ్యాచ్‌కు రాలేడు. ఒక సీటు వదిలేద్దాం, 2027లో ఎలాగూ ఆట అంత దూరం పోతుంది, అప్పుడు పక్క స్టాండ్‌లో ఒకటి తీసుకోవచ్చన్నాడు. హిసాబ్ పక్కా. ఆపా విన్నది. రెజైనా యూనివర్సిటీలో చదవడానికి కరీంనగర్ నుంచి వచ్చిన ఒక పిల్లాడు వాళ్ల కింది పోర్షన్‌లో అద్దెకు దిగాడట. మంచు చూసి భయపడి గదిలోంచి బయటికే రావట్లేదట. "జూన్‌లో వాణ్ని తీసుకుపోతా. ఫుట్‌బాల్ అంటే కాలితో కదా ఆంటీ అంటున్నాడు" అంది.

రెండు సీట్లకూ కట్టింది. ఒక్కసారే కట్టలేదు, నెలనెలా వాయిదాల్లో. మొదటిది జనవరిలో బ్యాంకు నుంచి కోసుకున్నారట.