పిలవని పేరంటం

పిలవని పేరంటానికి వెళ్ళకూడదని మా అమ్మ పదేపదే చెప్పేది. అరవై ఎనిమిదేళ్ళపాటు ఆ మాట జవదాటలేదు నేను. దాటింది 2025 జూన్ 5వ తేదీ గురువారం సాయంత్రం, అమెరికా పడమటి అంచున ఉన్న సియాటిల్ నగరంలో. దాటడమంటే ఏదో ఒక ఇంట్లోకి తొంగిచూసి రావడం కాదు. మూడు గంటల్లో తొమ్మిది గడపలు తొక్కాను. రమ్మని ఎవరూ పిలవలేదు. పొమ్మని ఎవరూ అనలేదు.

మా అబ్బాయి కాపురం సరస్సుకు ఆవలి ఒడ్డున, బెల్‌వ్యూలో. కంప్యూటరు కంపెనీల పుణ్యమా అని ఆ చుట్టుపట్ల తెలుగువాళ్ళకు కొదవలేదు. గోంగూర మొదలు గోదావరి యాస దాకా అన్నీ దొరుకుతాయి. మేము వెళ్ళి నెల్లాళ్ళయింది. జలపాతం చూశాం. మంచుకొండ చూశాం. ఇక చూడవలసినవి అయిపోయాయనుకుంటూ ఉండగా మా కోడలు అంది:

"మామయ్యగారూ, రేపు మొదటి గురువారం. పయొనీర్ స్క్వేరులో చిత్రశాలలన్నీ ఎనిమిదింటి దాకా తెరిచి ఉంచుతారు. వస్తారా?"

"టిక్కెట్టెంత?"

"టిక్కెట్టు లేదండీ."

"ఏమీ కొనకపోతే?"

"ఏమీ అనరు."

టిక్కెట్టూ లేదు, కొననక్కరా లేదు అంటే ఎక్కడో తిరకాసు ఉండి తీరాలనుకున్నాను. మా ఆవిడ మోకాళ్ళ నొప్పి అని ఇంట్లో ఉండిపోయింది. నేనూ, కోడలూ బయలుదేరాం.

వాషింగ్టన్ సరస్సు మీద వంతెన నీళ్ళలో తేలుతూ ఉంటుంది. సరస్సు మరీ లోతు కావడంవల్ల స్తంభాలు దించకుండా, బోలు కాంక్రీటు పెట్టెలు వరసగా పేర్చి వాటిమీద రోడ్డు వేశారు. నాకు దానిమీద వెళ్ళినప్పుడల్లా గోదావరి మీద పంటు గుర్తుకొస్తుంది. అది దాటి, ఒక సొరంగం దాటి దిగితే పయొనీర్ స్క్వేరు.

ఎర్ర ఇటుక భవనాలు, రాతి కమానులు, పెద్ద పెద్ద చెట్లు. అన్నీ ఇంచుమించు ఒకే ఈడువి. ఎందుకంటే ఊరంతా ఒక్కసారే కాలిపోయింది. 1889 జూన్ 6వ తేదీ మధ్యాహ్నం ఒక వడ్రంగి అంగడిలో పొయ్యిమీద కాగుతున్న బంక పొంగి నిప్పంటుకున్నది. ఊరు కొయ్యది, నీళ్ళగొట్టాలు కూడా చాలామటుకు తొలిచిన దుంగలే. నీటికి ఉరవడి చాలక, తెల్లవారేసరికి వ్యాపార కేంద్రమంతా బూడిద. నేను వెళ్ళిన మర్నాటికి సరిగ్గా నూటముప్ఫయ్యారేళ్ళన్నమాట. తర్వాత ఇటుక, రాయి తప్ప వాడకూడదన్నారు. పనిలో పనిగా, పోటు వచ్చినప్పుడల్లా మురుగు వెనక్కి తన్నే ఆ పల్లపు నేలలో రోడ్లను ఒక అంతస్తు ఎత్తుకు, కొన్నిచోట్ల అంతకుమించీ లేపారు. అప్పటికే కట్టిన దుకాణాల గుమ్మాలు పాతాళంలో ఉండిపోయాయి. కొంతకాలం జనం నిచ్చెన ఎక్కి రోడ్డు దాటి, మళ్ళీ నిచ్చెన దిగి షాపులోకి వెళ్ళారట. ఆఖరికి కాలిబాటను కూడా పైకెత్తి, కింది వీధిని కప్పేశారు.

కోడలు ఒకచోట ఆగి, "మీ కాళ్ళకింద చూడండి" అంది. కాలిబాటలో చిన్న చిన్న గాజు పలకలు, ఊదారంగువి, గళ్ళు గళ్ళుగా పొదిగి ఉన్నాయి. కింద పూడిపోయిన వీధికి వెలుతురు కోసం పెట్టినవి. మొదట తెల్లటి గాజేనట. అందులో కలిపిన మాంగనీసు ఏళ్ళ తరబడి ఎండకు ఊదారంగు తిరిగింది. ఆ సాయంత్రం నేను చూసిన మొదటి చిత్తరువు అదే అనుకుంటాను.

ఈ పేట చరిత్రలో మెచ్చుకోదగ్గ పనులతోబాటు సిగ్గుపడవలసినవీ ఉన్నాయి. 1899లో ఇక్కడి పెద్దమనుషులు కొందరు అలాస్కా యాత్రకు వెళ్ళి, ట్లింగిట్ జాతివారి గ్రామం ఒకటి దాదాపు ఖాళీగా ఉన్న అదను చూసి, వారి చెక్కుడు స్తంభాన్ని కోసి తెచ్చి ఈ కూడలిలో నిలబెట్టారు. 1938లో ఎవరో దానికి నిప్పుపెట్టారు. రెండేళ్ళకు దాని స్థానంలో ప్రతికృతి పెట్టారు. చెక్కింది మళ్ళీ ఆ ట్లింగిట్ శిల్పులే. పిలవకుండా వెళ్ళడంలో కూడా రకాలున్నాయి.

కొండమీద నరికిన దుంగలను హెన్రీ యెస్లర్ కోతమిల్లు దాకా జారవిడిచిన బాట ఈ పక్కనే. దాన్ని స్కిడ్ రోడ్ అనేవారు. కూలీలు, సారాకొట్లు, చవక సత్రాలు అక్కడ చేరాయి. పేట చితికిపోయిన తర్వాత ఆ మాట దిక్కులేనివాళ్ళ పేటలకు పేరైంది. 1961లో ఒక పాత హోటలు పడగొట్టి ఆ చోట కార్లు నిలిపే కట్టడం కట్టారు. త్రికోణాకారంగా ముందుకు పొడుచుకువచ్చిన దాన్ని చూసి ఊళ్ళోవాళ్ళు "మునిగే ఓడ" అని పేరుపెట్టారు. ఇంకా ఉంది. అది చూసిన తర్వాతనే జనానికి కళ్ళు తెరిపిడి పడ్డాయి. మిగిలినవి కూడా కూల్చి కార్లకు అప్పగిస్తారేమోనని భయపడి పోరాడారు. రాల్ఫ్ ఆండర్సన్ అనే వాస్తుశిల్పి, రిచర్డ్ వైట్ అనే చిత్రశాల యజమాని పాడుపడిన భవనాలు బాగుచేయించారు. 1970లో పేటకు రక్షణ లభించింది. అద్దెలు చవక, గదులు పెద్దవి, కిటికీలు ఎత్తయినవి. చిత్రకారులకు ఇంతకన్నా ఏం కావాలి!

చిత్రశాలల్లో సాధారణంగా నెలకొక ప్రదర్శన మారుతుంది. కొత్త బొమ్మలు గోడకెక్కిన రోజున నలుగురినీ పిలవడం ఆచారం. ఎవరికి వారు తలొక రోజున పిలుచుకుంటే పదిమంది వస్తారు. ఆ పదిమందీ తెలిసినవాళ్ళే. అందరూ కూడబలుక్కుని ఒకే సాయంత్రం తలుపులు తీస్తే? 1981లో పయొనీర్ స్క్వేరువారు ఆ పని చేశారు. అమెరికాలో ఇటువంటివాటిలో ఇదే మొదటిదంటారు. తర్వాత పోర్ట్‌లాండు 1986లో, ఫిలడెల్ఫియా 1991లో, లాస్ ఏంజెలిస్ 2004లో అందుకున్నాయి. ఒకచోట గురువారం, మరొకచోట శుక్రవారం. మన వారపు సంత వంటిదే లెండి, నెలకొకసారి. సంతలో బేరమాడకపోతే వింతగా చూస్తారు; ఇక్కడ ఆడితే చూస్తారు.

మొదటి గుమ్మం దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. అద్దాల తలుపు, తెల్లటి గోడలు, లోపల చేతుల్లో గ్లాసులతో నల్లబట్టల మనుషులు. నాకిది కొత్త జబ్బు కాదు. రాజమండ్రిలో పుట్టి పెరిగినవాణ్ణి. 1925లో ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండకుండా పోయిన దామెర్ల రామారావు చిత్రశాల మా ఊళ్ళోనే ఉంది. దానిముందునుంచి కొన్ని వందలసార్లు నడిచి ఉంటాను. ఒక్కనాడు లోపలికి వెళ్ళలేదు. వెళ్ళవద్దని ఎవరూ అనలేదు. అవి మనవంటివాళ్ళకు కావనే భావం ఎట్లా వచ్చిందో వచ్చింది. మన ఇళ్ళలో చిత్రకళ అంటే గోడ క్యాలెండరు, వారపత్రిక ముఖచిత్రం. వడ్డాది పాపయ్య బొమ్మ వస్తే మా అక్కయ్య కత్తిరించి ట్రంకుపెట్టె మూతకు లోపల అంటించేది. దానికి గడప లేదు గనక భయమూ లేదు.

"రండి మామయ్యగారూ" అని కోడలు తలుపు తోసింది.

లోపల ఎవరూ మమ్మల్ని పట్టించుకోలేదు. అదే వాళ్ళ మర్యాద అని తర్వాత తెలిసింది. ఒకావిడ ధరల కాగితం చేతికిచ్చి తన పనిలో తాను పడింది. నేను చదివిన మొదటి అంకె 4,800 డాలర్లు. మనసులో హెచ్చవేశాను. నాలుగు లక్షల పైమాట! బొమ్మలో సగం ఆకాశమే. ఖాళీకి కూడా వెల కట్టారా అనిపించింది. కొన్ని బొమ్మల పక్కన గోడమీద ఎర్రటి చుక్కలున్నాయి. అమ్ముడుపోయాయని గుర్తు. పేరంటంలో బొట్టు పెట్టినట్టే ఉంది. ఆ ధరలో సగం మామూలుగా చిత్రశాలకే పోతుందని కోడలు చెప్పింది. అయితే ఆకాశం వాళ్ళది, భూమి చిత్రకారుడిది కాబోలు.

మూడో గడప దాటేసరికి బెరుకు పోయింది. అయిదో దానిలో, "ఇది నాకు నచ్చలేదు" అని పైకే అన్నాను, తెలుగులో. ఒకచోట గాజు పాత్రలు. సియాటిల్ గాజుపనికి ప్రసిద్ధి. 1971లో డేల్ చిహూలీ మరికొందరితో కలిసి ఈ ఊరికి ఉత్తరాన అడవిలో పెట్టిన పిల్చక్ పాఠశాల దానికి ఒక కారణం. దీపం వెలుగులో ఆ పాత్రలు అప్పుడే కాచిన బెల్లప్పాకంలా ఉన్నాయి. వెనక్కి ఒక అడుగు వేసినా ఏం కొంపమునుగుతుందోనని చేతులు కట్టుకుని నిలబడ్డాను.

కింగ్ స్ట్రీట్ రైలుస్టేషనుకు కూడా వెళ్ళాం. 1906 నాటి స్టేషను. చాలా ఏళ్ళపాటు అందమైన పూతపని కప్పును ఎవరో పుణ్యాత్ములు పలకల వెనక దాచేశారు. 2013కు బాగుచేసి మళ్ళీ బయటపెట్టారు. మూడో అంతస్తులో 2019నుంచి నగరంవారి ప్రదర్శనశాల ఉంది. అక్కడ అమ్మకాల ఊసే లేదు. పిల్లలు పరుగెత్తుతున్నారు. రైలుకు టైముందని పెట్టెతో సహా వచ్చిన ఒకాయన, ఒక బొమ్మముందు నాకన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు.

దారిలో ఆక్సిడెంటల్ చౌకు. చెట్లకింద బెంచీలమీద గొంగళ్ళు కప్పుకుని కొందరున్నారు. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు. పక్క వీధిలో వాళ్ళకు అన్నం పెట్టే సత్రం ఉంది. ప్లాస్టిక్ గ్లాసుల్లో ద్రాక్షసారా తాగుతున్నవాళ్ళూ, వీళ్ళూ పది గజాల దూరంలో ఉన్నారు. అన్ని తలుపులూ తెరిచి ఉన్నాయి గదా, వాళ్ళలో ఎవరైనా లోపలికి వస్తారేమోనని ఆ పూటంతా చూశాను. ఒక్కడు వచ్చాడు. ధరల కాగితం పుచ్చుకుని నావలెనే చదివి, బల్లమీది జున్నుముక్కలు నాలుగు తీసుకుని, ఒక బొమ్మను చాలాసేపు చూసి వెళ్ళాడు. కాగితం ఇచ్చినావిడ నాకెట్లా ఇచ్చిందో అతనికీ అట్లాగే ఇచ్చింది. అది చెప్పుకోవాలి.

చివరికి తాషిరో, కాప్లాన్ అని రెండు పాతభవనాలు కలిపి బాగుచేసినచోటికి చేరాం. పేట బాగుపడింది, అద్దెలు పెరిగాయి. ఏ చిత్రకారులవల్ల బాగుపడిందో వాళ్ళు ఉండలేని పరిస్థితి వచ్చింది. అందుకని 2004లో ఇక్కడ, తక్కువ రాబడిగల కళాకారులకోసం, ఉండటానికీ పనిచేసుకోవడానికీ వీలుగా యాభై ఇళ్ళు ఏర్పాటుచేశారు. కింది అంతస్తులో చిత్రశాలలు. పైన ఒక ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. తలనెరిసిన ఒకామె చెక్క అచ్చులతో వేసిన చిన్న బొమ్మలు తాడుకు ఆరేసింది, మనం అప్పడాలు ఎండేసినట్టు.

"మీరు బొమ్మలు వేస్తారా?" అని అడిగింది నన్ను.

"వెయ్యను. చూడటం కూడా ఇవాళే మొదలు" అన్నాను.

ఆమె పకపకా నవ్వి కుర్చీ జరిపింది. ఈ అద్దె గనక లేకపోతే ఎప్పుడో ఊరు విడిచిపోయేదాన్నంది. అమ్ముడుపోతాయా అంటే, ఒక నెల ఒకటి, ఒక నెల ఏదీ లేదంది.

"మరి ప్రతినెలా ఎందుకమ్మా ఈ హైరానా?"

"మొదటి గురువారం వస్తున్నదంటేనే నేను ఇల్లు ఊడుస్తాను. ఎవరూ రారనుకుంటే ఎందుకు ఊడుస్తాను?"

నాకు మా డ్రాయింగు మాస్టారు జ్ఞాపకం వచ్చారు. వారానికి ఆయనకు రెండు పీరియడ్లు. పరీక్షలు దగ్గరపడితే లెక్కల మాస్టారు ఆ రెండూ లాగేసుకునేవారు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవారు. "ఒరేయ్, ఆదివారం ఇంటికి రారా, నా బొమ్మలు చూపిస్తాను" అని నాతో ఒకసారి కాదు, మూడుసార్లు అన్నారు. అలాగేనండీ అన్నాను, మూడుసార్లూ. వెళ్ళలేదు. కారణమేమీ లేదు, ఆదివారాలు క్రికెట్టు. ఆయన పోయిన తర్వాత పెట్టె తెరిస్తే అంతా చెదలు పట్టిందని ఎవరో చెప్పగా విన్నాను. ఆ ఆదివారాలు ఆయన గది ఊడ్చి కూర్చునేవారేమో అన్నమాట సియాటిల్లో ఆ కుర్చీలో కూర్చునేదాకా నాకు తట్టలేదు.

తాడుమీద ఒక పడవ బొమ్మ ఉంది. అరచేతికి కాస్త పెద్దది. అరవై డాలర్లు. ఈసారి హెచ్చవేయకుండానే జేబులో చెయ్యి పెట్టాను. కోడలు ఆశ్చర్యంగా చూసింది. ఆమె బొమ్మకు పెన్సిలుతో సంతకం చేసి, ఎర్రచుక్క అంటించడానికి గోడ లేక, నవ్వుతూ నా చొక్కా జేబుకు అంటించింది.

బయటికి వచ్చేసరికి ఎనిమిదయింది. జూన్‌లో అక్కడ తొమ్మిదింటిదాకా వెలుగే. తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. ఇంటికి వెళ్ళాక మా ఆవిడ బొమ్మ చూసి, ధర విని, "పడవ బాగుంది గాని మనిషేడీ?" అంది.

తిరిగివచ్చిన వారంలోనే దామెర్ల చిత్రశాలకు వెళ్ళాను. ఆ మర్నాడు మాస్టారి వీధికి కూడా వెళ్ళాను. ఆ ఇల్లుండే చోట ఇప్పుడు నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడి, "ఎవరికోసమండీ?" అని అడిగాడు.