కోఠీ నుంచి నయాపూల్ దాకా

"కోఠీ కాడ సైకిలెక్కితే నయాపూల్ దాకా తొక్కే పనే లేదు, అదే పోతది."

ఈ మాట మా నాయిన నోట ఎన్ని వందల సార్లు విన్నానో! 1960ల్లో చదువు కోసం సూర్యాపేట పక్కనున్న మా పల్లె విడిచి హైదరాబాదు చేరిన నాయిన, ఆదివారం వస్తే గంటల లెక్కన సైకిలు అద్దెకు తీసుకుని ఊరంతా తిరిగేవాడట. బస్సులో పోతే ఊరు కనపడదని ఆయన వాదన.

నేనీ నగరానికి వచ్చి ఇరవై రెండేళ్ళు. స్కూటరు మీద తిరిగాను, ఆటోల్లో తిరిగాను, ఆపైన కారులో, ఈ మధ్య మెట్రోలో. హైదరాబాదు నేల ఎటువంటిదని ఎవరైనా అడిగి ఉంటే, బంజారాహిల్స్ వైపు గుట్టలు తప్పిస్తే తక్కినదంతా చదునే అని ధీమాగా చెప్పి ఉండేవాణ్ణి. ఇంజనున్న బండిలో కూర్చున్నవాడికి ఎత్తుపల్లాలతో పనేముంది?

మూడేళ్ళ కిందట నాయినకు చూపు మందగించసాగింది. గ్లకోమా. ఉన్న చూపు కాపాడుకోవడమే తప్ప పోయినది తిరిగి రాదన్నాడు డాక్టరు. ఆ రోజుల్లోనే ఒకనాడు, "నన్నొక్కసారి పాతబస్తీ తిప్పుకరారా, ఆ చింతచెట్టు చూడాలె" అని అడిగాడు. వచ్చే ఆదివారం అన్నాను. ఆ ఆదివారం ఆఫీసు పని పడింది, మరుసటి ఆదివారం వాన, ఆ తరువాత ఏదో ఊరేగింపు, అన్నిటికీ మించి కారు పెట్టుకునే చోటు దొరకదన్న బెంగ... ఇప్పుడు నాయిన వెలుతురునూ చీకటినీ మాత్రమే గుర్తుపడతాడు. మళ్ళీ అడగలేదు. కిందటి నెల ఏవో మాటల మధ్య, "ఆ చెట్టు ఇంకా ఉన్నదంటవా?" అన్నాడంతే. నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ముందు నుంచే వెళ్తున్నా తెలియదు.

అందుకని, మా అబ్బాయి హాస్టలుకు వెళ్తూ వదిలిపోయిన సైకిలుకు గాలి కొట్టించి, ఒక ఆదివారం తెల్లవారుజామున విద్యానగర్‌లో బయలుదేరాను. చిన్నప్పుడు నాయిన సైకిలు కడ్డీ సందున కాలు దూర్చి అడ్డతొక్కుడు నేర్చినవాణ్ణే గానీ, ఈ మహానగరంలో సైకిలెక్కడం ఇదే ప్రథమం. భయపడలేదని బుకాయించను. వెనకనుంచి వచ్చే ప్రతి బస్సూ నన్నే వెతుక్కుంటూ వస్తున్నట్టుండేది!

నల్లకుంటలో కుంట కనపడదు, పేరు మిగిలింది. బర్కత్‌పురా, కాచిగూడ దాటి సుల్తాన్‌బజారు చేరేసరికి తెలతెలవారుతోంది. 2020 ఫిబ్రవరి నుంచి ఈ దారి నెత్తిన మెట్రో రైలు నడుస్తోంది. ఆ స్తంభాల రద్దీకి కాస్త అవతల, 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. నాయిన పత్రికలు చదువుకున్నది అక్కడే. తలుపులింకా తెరవలేదు. ఎదుట సైకిలు నిలిపి మంచినీళ్ళు తాగి, అక్కడి నుంచి కోఠీ చౌరస్తాకు వచ్చాను.

ఇక పెడళ్ళ మీద కాళ్ళు ఊరికే ఆనించి కూర్చున్నాను. పుత్లీబౌలి, గౌలిగూడ... సైకిలు దానంతటదే సాగింది. (నిజం చెప్పాలి కదా, మధ్యలో రెండుమూడు చోట్ల తొక్కక తప్పలేదు. నాయిన మాటలో పడుచుదనపు గొప్ప కొంత కలిసి ఉండాలి.) చల్లగాలి ముఖాన కొడుతుండగా హఠాత్తుగా తట్టింది, నేను దిగుతున్నది ఒక నదిలోకని! నయాపూల్ మీద ఆగి అటూ ఇటూ చూశాను. వెనుక నేను దిగివచ్చిన వాలు, ముందు చార్మినార్ వైపు మెల్లగా లేస్తున్న నేల. పట్టిన దోసిలి అడుగున నిలబడినట్టుంది.

1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరద గురించి చదివినవాణ్ణే. వంతెనలు తెగిపోయాయి. చనిపోయినవారు పదిహేను వేలదాకా ఉంటారంటారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ నీళ్ళకిచ్చి తానొక్కడూ మిగిలాడు. ఇవన్నీ చదువుతున్నప్పుడు నది నగరంలోకి చొరబడిందనే ఊహించుకున్నాను. ఎగువ నుంచి వచ్చిపడ్డ నీటికి పరచుకోవడానికున్న చోటే ఇది, మనమే అందులో కాపురం పెట్టాం అన్న సంగతి నాకు పుస్తకం వల్ల కాక సైకిలు వల్ల తెలిసింది. 1909లో వచ్చిన విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్ 1920కి, హిమాయత్‌సాగర్ 1927కి తయారయ్యాయి. అవి ఉండగానే 2020 అక్టోబరులో చాదర్‌ఘాట్, మూసారంబాగ్‌ల దగ్గర ఇళ్ళలోకి మూసీ వచ్చింది.

వంతెన కింద మాత్రం నల్లని నీరు, తెల్లని నురగ, ముక్కుపుటాలదిరే వాసన. మా పల్లె కూడా మూసీ ఒడ్డుదే. కారు అద్దాలు బిగించుకుని ఈ వంతెన దాటిన ఇన్నేళ్ళలో, ఈ నీరే మా ఊరికి పోతుందన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు.

పత్తర్‌గట్టి రాతి కమానుల మధ్యగా ఎక్కి చార్మినార్ చేరాను. 1591నాటి ఆ కట్టడాన్ని గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? పావురాలున్నాయి, ఇరానీ చాయ్ బాగుంది. నా మనసంతా చెట్టు మీదనే ఉంది.

తిరిగి నది దాటి ఉస్మానియా ఆసుపత్రి గేటు దగ్గర దిగాను. కాపలావాడు "పేషెంటెవరు?" అన్నాడు. "పేషెంటు లేడు, చింతచెట్టు చూడాలి" అన్నాను. నన్నూ సైకిలునూ ఎగాదిగా చూసి, ఏమనుకున్నాడో, చెయ్యి చాపి దారి చూపించాడు.

ఉంది! ముసలి మాను, తొర్ర పడ్డ మొదలు, అయినా పైన పచ్చని ఆకు. ఆ వరదలో నూట యాభై మంది దాకా ఈ కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఏ కొమ్మ మీద ఎందరు, పసిపిల్లలను ఎవరు పట్టుకున్నారు అని లెక్కవేయబోయాను, నా వల్ల కాలేదు. కాస్త ఎడంగా ఎవరో రోగి తాలూకు మనుషులు దుప్పటి పరచుకుని కూర్చున్నారు. వాళ్ళకు ఈ చెట్టుతో పని లేదు. నాయినకు చూపిద్దామని జేబులోంచి ఫోను తీసి, ఫోటో తీయడానికి పైకెత్తాను. ఎత్తాక గుర్తొచ్చింది. కాసేపు అట్లాగే నిలబడి, ఫోను లోపల పెట్టేసి, కింద రాలిన ఒక రెమ్మ ఏరుకున్నాను.

తిరుగు ప్రయాణం గురించి ఎంత తక్కువ చెబితే అంత మర్యాద. గౌలిగూడ దగ్గర ఊపిరందక దిగి, సైకిలు నడిపించుకుంటూ ఎక్కాను. నా పక్కనుంచి ఒక పాలబ్బాయి రెండు క్యానులు వేలాడేసుకుని సునాయాసంగా తొక్కుకుంటూ పోయాడు.

ఇంటికి రాగానే రెమ్మను నాయిన చేతిలో పెట్టాను. వేళ్ళతో ఒక్కొక్క ఆకూ తడిమి, ఒకటి తెంపి నోట్లో వేసుకున్నాడు.

"ఉన్నది నాయినా."

"ఊఁ... సైకిలు మీద పోయినవా? కోఠీ నుంచి తొక్కినవా?"

"లేదు. అదే పోయింది."

"వచ్చేటప్పుడు?"

"గౌలిగూడ కాడ దిగి నడిచిన."

నాయిన పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వాడు. "మేమూ ఆడనే దిగేటోళ్ళం" అన్నాడు. అరవై ఏళ్ళుగా వెళ్ళేటప్పటి కథే చెప్పాడు గానీ, వచ్చేటప్పటి సంగతి ఒక్కనాడూ చెప్పలేదు చూడండి!

తరువాత కాసేపాగి, "పురానాపూల్ చూసినవా? 1578ల కట్టిండ్రు, గంత వరదకు కూడ నిలబడ్డది" అన్నాడు.

"లేదు, అటు పోలే."

"గంత దూరం పోయి పురానాపూల్ చూడకుండ వచ్చినవా? మరేం చూసినవురా!" అని విసుక్కుని, మిగిలిన రెమ్మను దిండు కింద పెట్టుకుని అటు తిరిగి పడుకున్నాడు.