సందు దొరికినప్పుడు

ఏప్రిల్ 4, 2024. గురువారం

ఈ నెల పింఛను ఇంటికి రాలేదు. ఎన్నికలున్నాయి కాబట్టి వాలంటీర్లు డబ్బులు పంచకూడదని ఎన్నికల సంఘం ఆపేసింది. ముసలీముతకా ఎండలో గ్రామ సచివాలయానికి నడిచారు. 2019 ఆగస్టు 15న మొదలైన ఏర్పాటు ఈ వాలంటీర్లది. యాభై ఇళ్ళకొకరు, వాళ్ళకు గౌరవ వేతనం నెలకు 5,000. ఒకటో తారీఖు తెల్లారకముందే తలుపు తట్టేవాళ్ళు. ఎవరో ఒకరు చూసుకుంటున్నారు కదా అని, పక్కింటి అవ్వకు డబ్బు అందిందా అని అడగడం వీధంతా మానేసింది. ఈ రోజు అందరూ ఒకరినొకరు అడుగుతున్నారు.

మే 2. గురువారం

ఈసారి డబ్బు బ్యాంకు ఖాతాల్లో వేశారు. నిన్న మేడే సెలవు, దాంతో జనమంతా ఈ పొద్దే వచ్చి పడ్డారు. నేను పనిచేసే మందుల షాపు తీయడానికి పోతుంటే బ్యాంకు ముందు వరసలో చెప్పులే ఉన్నాయి, మనుషులు వేపచెట్టు కింద కూర్చున్నారు. ఒకవ్వ విత్‌డ్రాయల్ ఫారం తలకిందులుగా పట్టుకుని "రవ్వంత రాసిచ్చు పాపా" అంది.

రాసిచ్చాను. ఖాతా నంబరు గళ్ళలో ఒక్కో అంకె, 3,000, పక్కన అక్షరాల్లో మూడు వేల రూపాయలు మాత్రమే. తలెత్తేసరికి ఇంకో నాలుగు పాసుబుక్కులు ముందుకొచ్చాయి. వేలిముద్రల దగ్గరే ఆలస్యం. విత్తనానికి బుడ్డలు వొలిచే కాలమిది, బొటనవేలి మీద గీతలే మిగల్లేదు. సిరా పూసి ఒత్తితే నల్లటి మచ్చ పడుతుంది, అంతే. తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, మళ్ళీ ఒత్తించాల్సి వచ్చింది.

షాపుకు ఆలస్యంగా పోయాను. విషయం చెప్తే షాపు ఓనరు అన్న కసురుకోలేదు. "పదింటి దాకా మందులకు ఎవరొస్తార్లే, రేపు కూడా పోయిరా పో" అన్నాడు. ఆ మాటను ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ, నేను రాసిన ఫారాల్లో సగం ఆయన ఖాతాలోకే పోవాలి.

మే 19. ఆదివారం

సాయంత్రం బేరాలు తక్కువ. పాత కవర్ల మీద స్కెచ్ పెన్నుతో బొమ్మలు గీసి పెట్టుకున్నాను: కొండ మీద పొద్దు, నడినెత్తి సూర్యుడు, చందమామ. చదువురాని వాళ్ళకు మాత్రలు ఇవ్వాలంటే ఇంతకంటే మార్గం లేదు. స్ట్రిప్పు కత్తిరించేటప్పుడు తేదీ ఉన్న కొసను చివరిదాకా ఉంచడం కూడా అందులో భాగమే. ఇది సేవ అంటే నాకే నవ్వొస్తుంది. జీతం తీసుకునే పనికి ఇంకో నిమిషం చేర్చడం, అంతే. మా బోటి వాళ్ళకు వేరే తీరిక ఎక్కడుంది?

జూన్ 14. శుక్రవారం

ప్రపంచ రక్తదాతల దినమట, ఫోన్లో వచ్చింది. బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలో చేరిన వాళ్ళ కోసం ఈ ఊళ్ళో రక్తం వెతకని నెల లేదు. కౌంటరు సొరుగులో నా దగ్గరొక పట్టీ ఉంది. పేరు, గ్రూపు, ఆఖరుసారి ఇచ్చిన తేదీ. మగవాళ్ళకు మూడు నెలలు, ఆడవాళ్ళకు నాలుగు నెలలు ఎడం ఉండాలి. తేదీ చూసుకోకుండా ఫోన్ చేస్తే ఇచ్చేవాడి ప్రయాణమూ దండగే, మనమీద నమ్మకమూ పోతుంది. సూది పెట్టి 350 మిల్లీలీటర్లు తీయడం పది నిమిషాల పనే. బస్సుకే పూట పోతుంది. అందుకని బైకున్న కుర్రాళ్ళ పేర్లకు చుక్క పెట్టుకున్నాను.

ఆర్డీటీ పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చింది 1969లో. ఎన్నో ఏళ్ళు స్పెయిన్‌లో మామూలు కుటుంబాలు నెలనెలా పంపిన డబ్బుతోనే ఈ కరువు నేలలో ఆసుపత్రులూ బళ్ళూ లేచాయి. ఇప్పుడు ఇక్కడి ఇళ్ళల్లోనే ఆర్డీటీ హుండీలున్నాయి. వాన పడితే చేను, పడకపోతే బెంగళూరు వలస అనే ఇళ్ళవి. చిల్లర వేస్తారు. ఎంత వేశారని ఎవరూ అడగరు, అదే నాకు నచ్చింది. గుళ్ళో ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లు రాయించే ఊళ్ళు మనవి!

జూలై 1. సోమవారం

పింఛను సచివాలయం సిబ్బంది ఇళ్ళకే వచ్చి ఇచ్చారు. పెంచిన 4,000, మూడు నెలల బకాయి 3,000, మొత్తం 7,000. ఫారాల పని లేదు కదా అనుకున్నాను. తొమ్మిదింటికల్లా ఆ బ్యాంకు దగ్గరి అవ్వ షాపులో ఉంది, కొంగుముడి విప్పి నోట్లు కౌంటరు మీద పరిచింది. ఎంచి చూపించాను, పద్నాలుగు ఐదువందలు. నమ్మలేదు, రెండోసారి ఎంచమంది.

"ఇది మందుల షాపా, బ్యాంకా?" అన్నాడు అన్న.

"నువ్వుండప్పా, పాప ఎంచుతాంది" అంది అవ్వ.