బొరుగులు, మరమరాలు, మురీ

ఉబ్బిన బియ్యానికి తెలుగులో ఒక్క పేరు లేదు. మా అనంతపురంలో బొరుగులు. హైదరాబాదులో మరమరాలు, ముర్మురాలు. విశాఖపట్నంలో మురీ. పేరుతోపాటు తినే వేళ, తినే తీరు కూడా మారిపోతాయి.

మాకు బొరుగులంటే ముందు ఉగ్గాని. బొరుగుల్ని నీళ్ళలో ముంచి, పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తిరగమోతలో కలిపి, పైన పప్పులపొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే ఉగ్గాని తిన్నట్టు లెక్క కాదు. బళ్ళారి వైపు ఇదే వంటని ఒగ్గరణె అంటారు. కన్నడంలో ఆ మాటకి తిరగమోత అని అర్థం. అది పొద్దున టిఫిన్. విశాఖలో అదే సరుకు సాయంత్రం చిరుతిండి, పైగా తడి తగలకుండా చూసుకోవాలి.

పోయిన ఫిబ్రవరిలో శ్రీకాకుళంలో ఒక పెళ్ళికి వెళ్ళి తిరిగొస్తుంటే విశాఖలో నాలుగు గంటల మజిలీ దొరికింది. బస్సు కాంప్లెక్సులో దించేసరికి నాలుగున్నర. హైదరాబాదు రైలు ఎనిమిదిన్నరకి. బ్యాగు భుజానేసుకుని ఆర్కే బీచ్‌కి ఆటో ఎక్కాను.

ఈమధ్య ఏ ఊరికి వెళ్ళినా అక్కడ తినాల్సిన పది పదార్థాల జాబితా ఫోన్‌లో ముందే సిద్ధంగా ఉంటుంది. నాకది సిలబస్‌లా అనిపిస్తుంది. కాశీమజిలీ కథల్లో ఒక్కో మజిలీకి ఒక్కో కథ. నాకూ ఒక్కటి చాలనుకుని, ఎదురొచ్చిన మొదటి మురీ మిక్చర్ బండి దగ్గర ఆగాను.

బండాయనకి యాభై దాటి ఉంటాయి. స్టీలు గిన్నెలో మురీ, వేయించిన వేరుశనగలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర పడ్డాయి. కారం, ఉప్పు, నిమ్మకాయ. గరిటె గిన్నెకి తగులుతున్న చప్పుడు.

"అన్నా, బొరుగులు కొంచెం ఎక్కువెయ్యి," అన్నాను.

గరిటె ఆగింది. "బొరుగులా? అనంతపురమా, కడపా బాబూ?"

నా మాట విని మా ఊరు కనిపెట్టినవాళ్ళు తగిలి పన్నెండేళ్ళయింది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం హాస్టల్లో నేను "వస్తాండా, పోతాండా" అంటే గదంతా నవ్వేది. రెండో సంవత్సరానికి మాటని ఇస్త్రీ చేసుకున్నాను. తర్వాత ఇంటర్వ్యూలు, కాల్స్, మీటింగులు. ఇప్పుడు ఆఫీసులో నన్నడిగితే హైదరాబాదు అంటారు, లేదా అసలు అడగరు. ఈయనకి ఒక్క నామవాచకం సరిపోయింది.

ఎలా తెలిసిందని అడిగాను. "మరమరాలంటే హైద్రాబాదో బెజవాడో. మురీ అంటే ఈ ఊరోళ్ళు. ముఢీ అంటే మావోళ్ళు, ఒడిస్సా." ఆయనది ఇచ్ఛాపురం పక్కన పల్లె. ఇంట్లో ఒడియా, బండి కాడ తెలుగు. "రైలుందా? అయితే బేగి ఇచ్చేత్తానుండండి."

కాగితం పొట్లం, అందులో చెంచాకి బదులు అట్టముక్క. పొట్లం చేతికొచ్చాక ఎక్కువ సేపు ఆగకూడదు. టమాటా నీరు తగిలి మురీ మెత్తబడిపోతుంది. పైన కరకర, అడుగున పులుపు, మధ్యలో ఎక్కడో పచ్చిమిర్చి. సముద్రం వైపు చూడాలని వెళ్ళినవాడిని పొట్లం లోపలికే చూస్తూ తిన్నాను.

భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. ఊరూరా తిరిగి రైతుల నోటి మాటలు పోగుచేసిన పని అది. తెలుగుని ఆయన నాలుగు మండలాలు చేశారు: పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది మధ్య మండలం భాష. మిగతావి కథల్లో పాత్రల నోట వినిపిస్తాయి, చాలాసార్లు నవ్వించడానికి. ఆ బండి దగ్గర మాత్రం అన్నీ సమానమే. ఎవరు ఏ మాటతో అడిగినా అదే గిన్నెలోంచి వస్తుంది.

మురీ బెంగాలీలోనూ ఉన్న మాటే. కోల్‌కతా ఝాల్‌మురీలో ఆవనూనె ఘాటు ఉంటుంది. నేను తిన్నదాంట్లో ఆ నూనె లేదు, నిమ్మకాయదే పెత్తనం. హౌరా నుంచి చెన్నై వైపు వెళ్ళే చాలా రైళ్ళకి విశాఖ స్టేషన్లో ఇంజను ఈ చివర తీసి ఆ చివర తగిలిస్తారు. వాల్తేరు డివిజన్ 2003 దాకా కోల్‌కతా కేంద్రంగా ఉన్న ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. అటువైపు మాటలు ఇక్కడ కాపురం పెట్టడంలో వింతేముంది? మా ఉగ్గాని పక్కన ఒగ్గరణె ఉన్నట్టే ఇదీ.

ప్లాట్‌ఫారం మీద ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"ఏం తింటివి నాయనా?"

"బొరుగులు."

"బొరుగుల కోసరం సముద్రం దాకా పోతివా?"

"పోతిని మా," అన్నాను. అమ్మతో కూడా ఆ 'పోతిని' అని ఎన్నాళ్ళయిందో. అమ్మ ఒక క్షణం ఆగి, నవ్వి, కారం ఎక్కువ తినొద్దని చెప్పింది.

ప్రామాణిక భాష మీద నాకు కోపం లేదు. ఈ వ్యాసం దాన్లోనే రాస్తున్నాను, అది లేకపోతే ఇచ్ఛాపురంవాళ్ళూ అనంతపురంవాళ్ళూ ఒకే పత్రిక చదవడం కష్టం. ఇబ్బందల్లా అది ఇంట్లోకి కూడా వచ్చి కూర్చోవడమే. మా ఇంటికి ఇవి యాప్‌లో ఆర్డరిస్తే ప్యాకెట్ మీద పఫ్డ్ రైస్ అని వస్తాయి. ఐదేళ్ళ మా అబ్బాయికి తెలిసిన పేరు అదొక్కటే.

ఇప్పుడు వాడికి మూడు పేర్లూ చెప్తున్నాను. వాడికి మురీ నచ్చింది, పలకడానికి చిన్నగా ఉందట. ఎప్పుడైనా వాడూ ఏదో ఊళ్ళో రైలు కోసం ఎదురుచూస్తూ బండి దగ్గర ఆగుతాడు. అప్పుడు ఏ మాట వాడినా సరే. ఆ బండాయన వాణ్ణి ఏ ఊరివాడనుకుంటాడా అని మాత్రం ఉంది.