కరెంటుకూ ఒక సంపు

రండి, కూర్చోండి. మే నెల రాత్రుల్లో మా డాబా మీద ఈ వేళకే కాస్త గాలి ఆడుతుంది. తొమ్మిదిన్నరయినా కింద గేటు దగ్గర కార్లు ఆగకుండా వస్తూనే ఉన్నాయి, చూశారా? గచ్చిబౌలి నుంచి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి అందరూ ఇప్పుడే ఇల్లు చేరతారు. తలుపు తీయగానే ఏసీ. ఎలక్ట్రిక్ కారున్నవాళ్ళు దానికి ఛార్జర్ తగిలించి మరీ పైకి వస్తారు. మా సొసైటీ మూడు వందల ఇళ్ళలో ఇదంతా ఒక్క గంటలోనే.

పోయిన వేసవిలో సరిగ్గా ఈ వేళకే కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు ఆ కాసేపూ లిఫ్టులో చిక్కుకున్న పక్కింటి బామ్మగారు మనవడి పేరు పెట్టి పిలిచిన పిలుపు నాకింకా చెవుల్లోనే ఉంది. మా ఎలక్ట్రీషియన్‌తో పాటు ట్రాన్స్‌ఫార్మర్ కంచె దాకా వెళ్ళాను. బయట నిలబడితేనే సెగ మొహానికి కొట్టింది. "కరెంటు లేక కాదు సార్, ఇది మోయలేక పోయింది. పొద్దంతా ఎండ, రాత్రి ఈ లోడు. ఇగ సల్లబడేదెప్పుడు?" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. 2025 మార్చిలో తెలంగాణ డిమాండు 17,162 మెగావాట్లకు వెళ్ళింది. యాసంగి వరికి మోటార్లు, ఊళ్ళలో ఏసీలు, అన్నీ కలిపి. అంత లోడునూ గ్రిడ్డు మోసింది. మరి మన వీధి చివరికి వచ్చేసరికి దారి సన్నబడిపోతోంది. అదీ రోజంతా కాదు, రాత్రి రెండు మూడు గంటలే.

ఇప్పుడు మధ్యాహ్నం సంగతి చూడండి. మన పక్కనే కొల్లూరు నుంచి నార్సింగి దాకా రింగు రోడ్డు వెంబడి సైకిల్ ట్రాక్ ఉంది కదా. 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు, దానితో పాటే వేసిన ఇంకో దారితో కలిపి 23 కిలోమీటర్లు. దాని కప్పే సోలార్ పలకలు, 16 మెగావాట్లు. పన్నెండింటికి ఆ పలకలు నిండుగా పనిచేస్తుంటాయి, అప్పుడు మన ఇళ్ళు తాళాలు వేసి ఉంటాయి. మనం ఇల్లు చేరేసరికి వాటి పని అయిపోయి ఉంటుంది.

నీళ్ళ విషయంలో మనకీ తిప్పలు కొత్త కాదు. నల్లా వచ్చే వేళ వేరు, మనకు కావలసిన వేళ వేరు. అందుకేగా ఇంటి పునాదితో పాటే సంపు తవ్విస్తాం! కరెంటుకే సంపు కట్టుకోలేదు. పెద్ద ఎత్తున అయితే మనవాళ్ళు ఎప్పుడో కట్టారు. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లుంటే ఏడు అటూ ఇటూ తిరిగేవే. కరెంటు మిగిలినప్పుడు కిందికి వెళ్ళిన నీటిని మళ్ళీ పైకి తోడగలవు, కావలసినప్పుడు అదే నీటిని వదిలి కరెంటు తీయగలవు. శ్రీశైలం ఎడమ గట్టున ఆరు యూనిట్లు, 900 మెగావాట్లు, అవీ అంతే. కాకపోతే అక్కడ దాచినదైనా మన ఇంటికి రావాలంటే రాత్రి తొమ్మిదింటికి ఈ ట్రాన్స్‌ఫార్మర్ గుండానే రావాలి. సంపు మన గేటు లోపల ఉంటేనే దీని బరువు దిగుతుంది.

ఇంటింటికీ ఇన్వర్టర్లున్నాయిగా అంటారా? ఆ లెక్కా వేశాను. 150 ఏహెచ్ బ్యాటరీ ఒకదానిలో పట్టేది 1.8 యూనిట్లు. పైగా అది సీసం బ్యాటరీ, అప్పుడప్పుడు ఆదుకోవడానికి చేసినది. రోజూ అడుగంటా వాడితే రెండేళ్ళు కూడా బతకడం కష్టం. రోజూ నిండి రోజూ ఖాళీ అయ్యే పనికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం కావాలి, అది వేలసార్లు ఓర్చుకుంటుంది. నూరు యూనిట్లు నింపితే ఎనభై అయిదుకు తక్కువ కాకుండా తిరిగిస్తుంది. 500 యూనిట్లు పట్టే బ్యాటరీ ఒకటి ఉంటే, ఆ రద్దీ రెండు గంటలూ ట్రాన్స్‌ఫార్మర్ మీది నుంచి 200 కిలోవాట్లు దించేయవచ్చు. ఢిల్లీలో కిలోకరి సబ్‌స్టేషన్ దగ్గర 2025లో ఇదే పని పెద్దగా చేశారు. 20 మెగావాట్లు, రెండు గంటల పాటు.

మా సొసైటీలో మాత్రం ఇంకో జనరేటర్ కొందామంటున్నారు. లీటరు డీజిల్‌కు వచ్చేది మూడు, మూడున్నర యూనిట్లు. మన దగ్గర లీటరు 95 రూపాయల పైమాటే. అంటే యూనిట్ ముప్పై రూపాయల దగ్గర పడుతుంది, పొగ అదనం. పైగా కరెంటు పోయాకే అది లేస్తుంది. పోకుండా ఆపడం దాని చేతిలో లేదు. ఆ డబ్బు సోలార్ పలకలకూ బ్యాటరీకీ పెడదాం అంటున్నాను. సొసైటీ ఉమ్మడి అవసరాలకు పెట్టుకునే పలకలకు పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ కూడా ఉంది.

స్కూటర్ బ్యాటరీలు కాలిపోయిన వార్తలు చదివి మూడో అంతస్తు అమ్మగారు భయపడ్డారు. ఆవిడ భయం న్యాయమే. నేను చెప్పే ఫాస్ఫేట్ రకం బ్యాటరీ అంత త్వరగా అంటుకోదు, అలాగని సెల్లార్లో మాత్రం పెట్టకూడదు. గోడకు దూరంగా, ఆరుబయట, ఫైర్ ఇంజన్ తిరిగే చోటు ఉండాలి.

నిన్న సాయంత్రం నేనూ ఎలక్ట్రీషియనూ టేపు పట్టుకుని తిరిగాం. వెనక గేటు దగ్గర, వేపచెట్టు అవతల, రెండు కార్లు పట్టేంత జాగా దొరికింది. అతను సుద్దముక్కతో నాలుగు మూలలా గీతలు గీశాడు. ఆదివారం సొసైటీ మీటింగ్‌కు వచ్చినవాళ్ళను ముందు అక్కడికే తీసుకెళ్తాను.