రెండు ఫైళ్ళు

2019 ఫిబ్రవరిలో ఒక సోమవారం. బడికి వేళవుతోందని నా కూతురు పీట మీద కూర్చుని తొందరపెడుతోంది. వెనక కూర్చుని మా చెల్లి జడ వేస్తోంది. అత్తగారిల్లు తెనాలిలోనే అయినా, ఒంట్లో బాగుండడం లేదని ఆ వారం మా ఇంట్లో ఉంది.

"పిన్నీ, పాయ వదిలేశావు," అంది పిల్ల.

వంటింట్లోంచి తొంగి చూశాను. చెల్లి ఎడమచెయ్యి ఒళ్ళో పడి ఉంది. కుడిచేత్తో రెండు పాయలు పట్టుకుని మూడోదాని కోసం వెతుక్కుంటోంది. ఎడమచెయ్యి పనిచేయడం లేదన్న సంగతి దానికే తెలియలేదు. "ఏమైందే?" అంటే ఏదో చెప్పబోయింది. మాట ముద్దగా వచ్చింది. మూతి కుడిపక్కకి లాగేసి ఉంది. పిల్ల బస్సు కోసం అప్పుడే గడియారం చూశాను. ఏడుంపావు.

దానికప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. ఆ వయసుకి పక్షవాతం వస్తుందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. నీరసమనుకుని అమ్మ చక్కెర నీళ్ళు తాగించబోయింది. గుటక పడక పొలమారింది. వీధి చివరి వైద్యుణ్ణి పిలిస్తే బీపీ చూసి, బలహీనత అని సెలైన్ పెట్టాడు. ఆ చుక్కలు చూస్తూ గంటన్నర కూర్చున్నాం. చెల్లి భర్త, మా మరిది వచ్చాక, "ఇంకా ఏం చూస్తాం వదినా, గుంటూరు తీసుకుపోదాం," అని సెలైన్ ఆపించి కారు మాట్లాడాడు. పోగొట్టుకున్న ఆ గంటన్నర విలువ అక్కడికి వెళ్ళాకగానీ తెలియలేదు.

"చివరిసారి మామూలుగా ఉన్నప్పుడు టైమెంత?" నరాల డాక్టరమ్మ మొదట అడిగింది అదే. ఏడుంపావు అన్నాను. ఆ రోజు నావల్ల జరిగిన మంచి అదొక్కటే. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలట. మేం చేరేసరికి పావు తక్కువ పది.

రక్తస్రావం కాదని సీటీలో తేలింది. ఇంజెక్షన్‌కి సిద్ధమవుతూ, "ఇంతకుముందు ఏమైనా జబ్బులున్నాయా?" అని అడిగారు. ల్యూపస్ అని చెప్పాను. డాక్టరమ్మ చెయ్యి ఆగింది. "ముందు ప్లేట్‌లెట్లు చూడాలి. ఈ జబ్బులో అవి పడిపోతుంటాయి. లక్షకి తక్కువుంటే ఇవ్వలేం." ల్యాబు నుంచి కబురు వచ్చేదాకా గోడకి ఆనుకుని నిలబడ్డాను. లక్షా పన్నెండు వేలు. పదీ నలభైకి ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి చెల్లి ఎడమకాలు కదిలించింది. చెయ్యి మాత్రం కదల్లేదు.

ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ ఒంటిమీదే పడితే వచ్చే జబ్బు ల్యూపస్. చెల్లికది అప్పటికి నాలుగేళ్ళ ముందు బయటపడింది. ముక్కుకి అటూ ఇటూ బుగ్గల మీద ఎర్రటి మచ్చలు, పొద్దున్నే వేళ్ళు ముడవలేనంత నొప్పులు. హైదరాబాదులో చూపించాం. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు రాసిచ్చి, ఎప్పుడూ మానొద్దని చెప్పారు. మచ్చలు తగ్గాయి, నొప్పులు తగ్గాయి. ఆ మాత్రలు కళ్ళకి చేటని ఎవరో చెప్పారు. "మానేయనా అక్కా?" అని అడిగితే, "తగ్గింది కదా, మానెయ్యి," అన్నాను. ఆ మాటకి ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడి లేస్తాను. మోతాదు బరువుకి తగ్గట్టు ఉండాలనీ, కళ్ళు పరీక్ష చేయించుకుంటూ వాడుకోవాలనీ అప్పుడు నాకు తెలియదు.

మూడో రోజు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడింది. పిల్లలున్నారా అని అడిగితే, రెండుసార్లు కడుపు పోయిందని మరిది తల వంచుకుని చెప్పాడు. "ఆ కాగితాలేవి?" అవి వేరే ఫైల్లో, ఇంట్లో ఉన్నాయి. కాన్పుల డాక్టరు ల్యూపస్ గురించి అడగలేదు, మేమూ చెప్పలేదు. రెండోసారి పోయాక నెలసరి సరిచేయడానికని హార్మోను మాత్రలు కూడా రాశారు. డాక్టరమ్మ దుప్పటి తొలగించి చెల్లి తొడల మీద వల పరిచినట్టున్న ఊదారంగు గీతలు చూసి, "ఇవెప్పటి నుంచి?" అంది. చలికి చర్మం అలా అవుతుందని అమ్మ ఏళ్ళ తరబడి కొబ్బరినూనె రాస్తూనే ఉంది.

"మచ్చలు, పోయిన కడుపులు, ఈ గీతలు, ఈ పక్షవాతం, అన్నీ ఒకటే కథమ్మా," అంది డాక్టరమ్మ. ల్యూపస్ ఉన్న కొందరిలో రక్తాన్ని గడ్డకట్టించే యాంటీబాడీలు పుడతాయట. మాయలో గడ్డ కడితే కడుపు పోతుంది, మెదడుకెళ్ళే నాళంలో కడితే పక్షవాతం వస్తుంది. వీటన్నిటినీ కలిపి చూపించింది 1983లో లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రి వైద్యుడు గ్రాహమ్ హ్యూస్ అని చెప్పింది. ఈస్ట్రోజెన్ ఉన్న హార్మోను మాత్రలు ఇలాంటివాళ్ళకి గడ్డల ముప్పు ఇంకా పెంచుతాయనీ చెప్పింది. అప్పటికి ముప్ఫై ఆరేళ్ళ ముందే తెలిసిన సంగతి. మా ఇంట్లో మాత్రం రెండు ఫైళ్ళుగా రెండు అలమరాల్లో ఉండిపోయింది.

అయినా ఆవిడ తొందరపడి తేల్చేయలేదు. ల్యూపస్‌లో మెదడు దెబ్బతినడానికి రెండు దారులున్నాయట. ఒకటి గడ్డ, రెండోది రక్తనాళాల వాపు. వాపైతే పెద్ద మోతాదులో స్టెరాయిడ్లు, ఇంకా బలమైన మందులు కావాలి. గడ్డైతే రక్తం పలచబరిచే మందు కావాలి. దారి తప్పితే వైద్యమే ముంచుతుంది. అందుకే ఎమ్మారై, గుండె ఎకో, వెన్నులోంచి నీరు తీసి పరీక్ష, రక్తపరీక్షలు అన్నీ చేయించారు. వాపు ఆనవాళ్ళు లేవు. యాంటీబాడీల పరీక్షలు మూడూ పాజిటివ్. పన్నెండు వారాల తర్వాత మళ్ళీ చేస్తేనే ఖాయమన్నారు. చేశారు. మళ్ళీ మూడూ పాజిటివే.

రక్తం పలచబరిచే అసిట్రోమ్ మొదలైంది, జీవితాంతం వాడాలి. రక్తపరీక్షల గోల లేని కొత్తరకం మాత్రలున్నాయి కదా అని మరిది అడిగితే, మూడూ పాజిటివ్ అయినవాళ్ళని అవి సరిగా కాపాడలేవని డాక్టరమ్మ ఒప్పుకోలేదు. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ అంకె రెండుకీ మూడుకీ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. నా కూతురి పాత నోటుబుక్కులో గళ్ళు గీసి తారీకు, మోతాదు, అంకె రాయడం మొదలుపెట్టాను.

మూడో నెలలో అంకె 1.4కి పడిపోయింది. మాత్ర ఒక్కటీ తప్పలేదు. ఏం తింటోందని డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగితే అమ్మ మెల్లగా చెప్పింది. రక్తం పడుతుందని రోజూ రెండు పూటలా తోటకూర, మధ్యమధ్య గోంగూర పెడుతోంది. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందుకి ఎదురు పనిచేస్తుందట. అమ్మ కళ్ళు తుడుచుకుంటుంటే డాక్టరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "మాన్పించకండమ్మా. వారం వారం ఒకే లెక్కన పెట్టండి చాలు," అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో తోటకూర పప్పు బుధవారం, గోంగూర పచ్చడి ఆదివారం.

2020 మార్చిలో హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాకి పనిచేస్తుందన్న మాట పుట్టింది. షాపుల్లో మాత్రలు మాయమయ్యాయి. చెల్లి మళ్ళీ వాడుతున్న ఆ మాత్రలు డబ్బాలో పద్దెనిమిదే మిగిలాయి. మరిది లాక్‌డౌన్‌లో చీటీ పట్టుకుని ఊరంతా తిరిగి, తొమ్మిదో షాపులో ఒక అట్ట సంపాదించాడు. ఒకప్పుడు మానెయ్యమని తేలిగ్గా అన్న మాత్రని అరచేతిలో పెట్టుకుని నేను ఏడ్చాను.

చెల్లి ఎడమచెయ్యి ముప్పాతికవంతు తిరిగొచ్చింది. గుండీలు పెట్టుకోవడం ఇప్పటికీ కష్టమే. జడ వేస్తుంది, కాస్త వదులుగా. నా కూతురు దాన్ని మళ్ళీ బిగించుకోకుండా అలాగే వెళ్ళిపోతుంది.

పోయిన నెల ల్యాబు బయట ఐఎన్ఆర్ కోసం కూర్చున్నాం. పక్కన ఒక అమ్మాయి, బుగ్గల మీద ఎర్రటి మచ్చలు, ఒళ్ళో కాన్పుల ఆసుపత్రి కవరు. చెల్లి ఆ అమ్మాయిని చూస్తూ ఉండిపోయింది. తర్వాత తనే పలకరించింది. ఆ అమ్మాయికి రెండో కడుపూ నిలవలేదట. మచ్చలకి చర్మం డాక్టరు దగ్గర వేరే ఫైలుందట.

"రెండూ తీసుకెళ్ళి ఒకే డాక్టరు ముందు పెట్టమ్మా," అంది చెల్లి. "ఇవాళే వెళ్ళు."

ఆ అమ్మాయి ఫోన్ తీసి, ఇంట్లో ఉన్న ఫైలు తెమ్మని ఎవరికో చెబుతోంది. లోపల్నించి మా నంబరు పిలిచారు.